బిడ్డ రక్తము ఎవరి పోలిక?

మన యిండ్లలో బిడ్డ భూమిమీద బడిన నాటినుండియు పోలికల ముచ్చట మొదలగును. పురుటింటి గడప దాటి వచ్చిన ప్రతి ముత్తైదువయు పొత్తిళ్లలోనికి తొంగిచూచి, ముక్కు తాతగారిదనియు, నుదురు మేనత్తదనియు, చెవులు మాత్ర మెవరివో తెలియకున్నవనియు తీర్పు చెప్పి, అటుపిమ్మట తాంబూలము పుచ్చుకొనును. ఈ తీర్పులవలన నెవరికిని హాని లేదు. ముక్కు ఎవరిదైనను బిడ్డ తుమ్మక మానదు. కాని యీ కాలమున రక్తము గూడ నీ పోలికల పంచాయతీలోనికి వచ్చినది. అది వచ్చిన తీరును, దానివలన మా కుటుంబమున గలిగిన యలజడిని సోదరీమణులకు విన్నవింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నిరుడు వేసవి సెలవులు ముగియు దినములు. ఏలూరిలో కాపురమున్న మా చిన్నాడుబిడ్డ తన కొమార్తెను బడిలో వేయుటకు సన్నాహము చేయుచుండెను. ఆ బడివారు పిల్లల మెడలో వ్రేలాడు గుర్తింపు చీటిపై రక్తవర్గమును గూడ ముద్రింతురట. పరీక్ష చేసినవారు పిల్ల వ్రేలు సూదితో గ్రుచ్చి చూచి, 'ఓ పాజిటివు' అని వ్రాసి యిచ్చిరి. తండ్రిది ఏ పాజిటివు, తల్లిది బీ పాజిటివు. ఆ సంగతి పురుటినాటి కాగితములలో నున్నదే. ఆ సమయమున చుట్టపుచూపుగా వచ్చియున్న బంధు వొకాయన, నాలుగు చదువులు చదివినవాడే, కాగితమును త్రిప్పి త్రిప్పి చూచి, "తల్లికి లేనిది, తండ్రికి లేనిది, పిల్ల కెక్కడినుండి వచ్చినదిరా?" అని నవ్వెను. ఆయన నవ్వి, కాఫీ త్రాగి, బస్సు వేళకు వెడలిపోయెను. మాట మాత్ర మా యింటిలో నుండిపోయినది.

అత్తగారు కోడలి నొక్క మాటయు ననలేదు. అనినచో బదులు చెప్పుటకు వీలుండెడిది. ప్రతిదినము ఉదయమున మనుమరాలిని మోకాళ్లనడుమ కూర్చుండబెట్టుకొని రెండు జడలు వేయు నామె, మరునాటినుండి నడుము నొప్పి యని జడ వేయుట మానెను. అన్నయ్యగారు, అనగా మా యాడుబిడ్డ భర్త, వార్తాపత్రికలో తల దూర్చి కూర్చుండిరట. పది దినము లోర్చి, పిల్లను వెంటబెట్టుకొని యామె మా యింటికి వచ్చెను. వచ్చిన రెండవనాటి రాత్రి, చేటలో బియ్య మేరుచు, తల యెత్తకయే యీ సంగతి మాకు చెప్పెను.

మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు మాకు ఇంటనే యమరమును, రఘువంశమును, భారతమును చెప్పిరి. శకుంతల బిడ్డను వ్రేలు పట్టుకొని నిండుసభలో నిలువబడగా, దుష్యంతుడు నీ వెవ్వతెవో యెరుగనన్న ఘట్టము చదువునప్పుడు పదునాలుగేండ్ల వయసున మేము కన్నీరు పెట్టితిమి. అట్టి మేము, ఆ రాత్రి చాపమీద పండుకొని, ఆడుబిడ్డ మొగమును తలచుకొనుచు, 'ఒకవేళ...' అని యనుకొంటిమి. దాచనేల? ఆమెను పదునైదేండ్లుగా నెరిగినవారము. ఆమె పెండ్లికి పసుపు దంచినవారము. ఒక్క రాత్రి దుష్యంతుని పక్షమున నుంటిమి.

తెల్లవారి మావారితో చెప్పితిమి. వారు లెక్కల యుపాధ్యాయులు. విని, కోపగించుకొని, "ఇది రెండవ యెక్కమంత లెక్క. దీని కింత రాద్ధాంతమా!" యని, పాఠశాల గ్రంథాలయమునుండి జీవశాస్త్ర గ్రంథములు రెండు తెచ్చి మా ముందు పడవేసిరి. నాలుగు దినములు వంటింటి పీటమీద కూర్చుండి వానిని చదివితిమి. తెలియనిచోట వారి నడిగితిమి.

1900వ సంవత్సరమున వియన్నా నగరమందు కార్ల్ లాండ్‌స్టైనర్ అను వైద్యుడు, తనయొద్ద పనిచేయువారి నెత్తుటిని ఒకరిదానితో నొకరిదానిని కలిపి చూచెను. కొన్ని కలసినవి, కొన్ని విరిగిన పాలవలె ముద్దలు గట్టినవి. దానినిబట్టి మరుసటి యేట మనుష్యులను మూడు వర్గములుగా విభజించెను. నాలుగవదియగు ఏబీ వర్గమును 1902లో నాతని యనుచరులు కనుగొనిరి. 1910లో హైడెల్‌బర్గులో ఫాన్ డుంగెర్న్, హిర్ష్‌ఫెల్డ్ అను నిరువురు కుటుంబములను పరీక్షించి, ఈ వర్గములు తల్లిదండ్రులనుండి బిడ్డలకు నియమముగా సంక్రమించునని నిరూపించిరి. ఆ నియమమును సరిగా నిర్ణయించినవాడు మాత్రము వైద్యుడు కాడు. 1924లో ఫెలిక్స్ బెర్న్‌స్టైన్ అను గణితజ్ఞుడు. ఈ మాట చదివి వినిపింపగా మావారు మీసము సవరించుకొనిరి.

నియమ మిది. మన యందరియొద్దను రెండేసి భరిణెలు గల వనుకొందము. ఒకటి తల్లి యిచ్చినది, ఒకటి తండ్రి యిచ్చినది. భరిణెలో పసుపుండవచ్చును, కుంకుమ యుండవచ్చును, లేక యది వట్టి భరిణె కావచ్చును. పసుపు ఏ, కుంకుమ బీ, వట్టిది ఓ. పరీక్ష చేయువారు భరిణెలు తెరచి చూడరు. నుదుట నేమి కానవచ్చునో దానినే చూతురు. రెండు భరిణెలను పసుపున్నను ఏ వర్గమే, ఒకదానిలో పసుపుండి రెండవది వట్టిదైనను ఏ వర్గమే. వట్టి భరిణె తాను వట్టిదని చాటుకొనదు గదా! పసుపొకటి, కుంకుమ యొకటి యున్నవారు ఏబీ వర్గమువారు. రెండును వట్టివైన ఓ వర్గము. బిడ్డకు తల్లి తన రెండింటిలో నొకదానివంటిది, తండ్రి తన రెండింటిలో నొకదానివంటిది ఇత్తురు. ఏది యిత్తురో వారి చేతిలో లేదు. ఇచ్చినందువలన వారి సొత్తు తరుగదు. (మన స్త్రీధనము సంగతి యిట్లుండిన నెంత బాగుండెడిది!)

ఇప్పుడు తండ్రికి పసుపు భరిణె యొకటి, వట్టి భరిణె యొకటి. తల్లికి కుంకుమ భరిణె యొకటి, వట్టి భరిణె యొకటి యనుకొందము. బిడ్డకు పసుపు, కుంకుమ రెండును రావచ్చును. పసుపుతో వట్టిది రావచ్చును. కుంకుమతో వట్టిది రావచ్చును. రెండును వట్టివే రావచ్చును. నాలుగింటికిని సమానమైన పాళ్లు. ఏ వర్గపు తండ్రికిని బీ వర్గపు తల్లికిని నాలుగు వర్గముల బిడ్డలును కలుగవచ్చు నన్నమాట. ఇంకను వింత యేమనగా, ఏబీ వర్గపువారిని ఓ వర్గపువారు పెండ్లాడినచో వారి బిడ్డలందరును ఏ గాని బీ గాని యగుదురు. వారిలో నొక్కరికిని తల్లి వర్గము గాని తండ్రి వర్గము గాని యుండదు. మా చుట్టము నవ్విన నవ్వు ఆ యింట ప్రతి పురుటికిని వినబడవలసి యుండును.

భరిణెలన్నది మేము చెప్పుకొన్న యుపమానము. నిజమునకు ఎర్ర రక్తకణముల పైభాగమున చక్కెర గొలుసులు గలవు. ఆ గొలుసు కొనకు ఏ వర్గమువారి జన్యువు ఒకవిధమైన చక్కెరను, బీ వర్గమువారి జన్యువు వేరొకవిధమైన చక్కెరను తగిలించును. ఓ జన్యువు ఏదియు తగిలింపజాలదు. ఈ జన్యువు తొమ్మిదవ క్రోమోసోముపై నున్నది. 1990లో యమామోతో అను జపానీయ శాస్త్రజ్ఞుడును ఆతని సహచరులును చూడగా, సాధారణమైన ఓ జన్యువునకును ఏ జన్యువునకును భేదము, వ్రాతలో నొక్క యక్షరము జారిపోవుటయే యని తేలినది. పద్యమున నొక్క లఘువు జారిన పిమ్మట గణము లెట్లు చెదరునో చదివినవారికి దీనిని వేరుగ చెప్పనక్కర లేదు. అక్కడినుండి యావత్తును తప్పిపోవును.

వర్గము వెనుక వ్రాయు పాజిటివు, నెగెటివు అనునది వేరొక లెక్క. దానికిని రెండు భరిణెలే. తల్లిదండ్రు లిరువురును పాజిటివు లైనను బిడ్డ నెగెటివు కావచ్చును. ఇందు నిందకు తావు లేదు గాని జాగ్రత్తకు మిక్కిలి తావు గలదు. తల్లి నెగెటివై, బిడ్డ తండ్రివలన పాజిటివైనచో, పురుటి సమయమున బిడ్డ నెత్తురు తల్లి నెత్తుటితో కలిసి, తల్లి శరీరము దానిని శత్రువుగా నెంచి ఆయుధములు సిద్ధము చేసికొనును. తొలిచూలు సాధారణముగా తప్పించుకొనును, మలిచూలు శిశువునకు ముప్పు. 1937లో న్యూయార్కు నగరమున మృతశిశువును ప్రసవించిన యొక తల్లికి భర్త నెత్తురే యెక్కింపగా నామెకు వికటించినది. ఆ వికటించుటవలననే యీ రహస్యము బయటపడుటకు దారి యేర్పడినది. 1968 నాటికి దీనికి యాంటీ-డి యను సూదిమందు వచ్చినది. నెగెటివు వర్గపు తల్లులకు గర్భముననే ఏడవ నెల ప్రాంతమున నొకసారియు, బిడ్డ పాజిటివైనచో ప్రసవమైన డెబ్బదిరెండు గంటలలోపల మరియొకసారియు వైద్యు లిత్తురు. బిడ్డ ముక్కు ఎవరిదని విచారించు పెద్దలు ఈ సూదిమాట విచారించిన పుణ్యము గలదు.

చదువుట యైన పిదప మా యింటి లెక్కయే మాకు కనబడినది. మావారిది ఓ వర్గము, మాది బీ. మా పెద్దవానిది ఓ, చిన్నదానిది బీ. అనగా మాయొద్దను వట్టి భరిణె యొకటి యున్నది, దానిని మా పెద్దవానికి ఇచ్చితిమి. తండ్రిది ఓ గనుక వాని సంగతి యెవరు నడుగలేదు. మావారు ఓ వర్గమువా రగుటచేత మా యత్తమామ లిరువురియొద్దను వట్టి భరిణె యుండి తీరవలెను. ఆ తల్లిదండ్రుల కూతురగు మా యాడుబిడ్డయొద్ద నొకటి యుండుటలో వింత యేమున్నది?

ఇక తెలియవలసినది ఏలూరివారి వైపు. మావారు, మేము, ఆడుబిడ్డ, పిల్ల, నలుగురమును బయలుదేరి పోయితిమి. మా చేతిసంచిలో మూడు జతల కొయ్య భరిణె లుండెను. ఇవి కొండపల్లినుండి ఎప్పుడో తెచ్చుకొన్నవి.

పిన్నిగారు, అనగా మా యాడుబిడ్డ యత్తగారు, మమ్ము మర్యాదగనే లోనికి పిలిచిరి. భోజనములైన పిమ్మట వసారాలో చాప వేసి, భరిణెలు పరచి, పిల్లలకు గచ్చకాయల యాట నేర్పునట్లు ఆమెకు లెక్క చూపితిమి. ఆమె తెలివిగలవారు. రెండవ పర్యాయమే అన్నియు నర్థము చేసికొని, తప్పుగూడ పట్టిరి. "అదంతయు సరియే అమ్మాయీ. మీ వైపు వట్టిది యుండిన నుండవచ్చును. మా వానికి వట్టి భరిణె యెక్కడిది? మాది వట్టిచేతుల వంశము కాదు" అనిరి.

"పిన్నిగారూ, మీ వర్గ మేది?" అని యడిగితిమి.

ఆమెకు తెలియదు. తన వర్గమును తెలిసికొనవలసిన యవసర మామె కెన్నడును తోచలేదు. అయితే నాలుగేండ్ల క్రిందట పిత్తాశయమున రాళ్లకై శస్త్రచికిత్స జరిగినదనియు, ఆ కాగితములు బీరువా యడుగున నున్నవనియు మా యాడుబిడ్డయే చెప్పెను. అన్నయ్యగారు లేచిపోయి తెచ్చిరి. బిల్లులు, మందుల చీట్లు, నలుపు పటములు. వాని నడుమ నొక చిన్న పచ్చకాగితము. దానిపై 'ఓ పాజిటివు' అని యుండెను.

మేము మాటాడక, ఆమె ముందు రెండు వట్టి భరిణెలు నుంచితిమి. అన్నయ్యగారికి పసుపు పెట్టినది తండ్రిగారు. తల్లిగా రియ్యగలిగినది వట్టి భరిణెయే. వేరొండు ఆమెయొద్ద లేదు. అదియే కొడుకు చేతిమీదుగా మనుమరాలికి చేరినది. ఆ పిల్లయు, ఆ యవ్వయు ఓ వర్గమువారే.

పిన్నిగారు చాలసేపు ఆ భరిణెలను మూత తీసి చూచుచు, మూత పెట్టుచు కూర్చుండిరి. ఆమె యేమియు ననలేదు. సాయంకాలము దీపములవేళ దువ్వెన తీసికొని, "దా, తల చిక్కు పడినది" అని మనుమరాలిని పిలిచిరి. క్షమింపుమని కోడలి నడిగిరా యని మీరడుగుదురు. అడుగలేదు. అన్నయ్యగారును అడుగలేదు. ఆ పచ్చకాగితమును మాత్రము చాలసేపు చేత పట్టుకొని తిరిగిరి. ఆయన డిగ్రీ చదివినవారు. మేము వంటింట నాలుగు దినములలో చదివినదానిని పది దినములలో చదువజాలకుండిరా యని మాకు ఇప్పటికిని కష్టముగనే యున్నది.

ఆ రాత్రి మిద్దెమీద, వదినెమరదండ్రము ప్రక్కప్రక్కన పండుకొన్నప్పుడు, ఆమె మెల్లగ, "వదినా, ఆ కాగితము దొరకకపోయిన నేమి చేసియుందువు?" అని యడిగెను.

దొరకకున్నను లెక్క తప్పదనియు, ఏ వర్గపువారియొద్ద వట్టి భరిణె యుండుట సామాన్యమనియు చెప్పితిమి. దొరికిన కాగితముగూడ నిజమునకు సాక్ష్యము చెప్పలేదు, నిందకు ఆధారము లేదనిమాత్రమే చెప్పినది. రక్తవర్గము 'కా'దని చెప్పగలదు గాని 'ఔ'నని చెప్పలేదు. చార్లీ చాప్లిన్ పేరు వినని వారుండరు. 1940లలో నొక తల్లి ఆయనపై పితృత్వపు వ్యాజ్యెము తెచ్చెను. తల్లిది ఏ, బిడ్డది బీ, ఆయనది ఓ. ఆయనయొద్ద కుంకుమ లేదు, తల్లియొద్దను లేదు, కావున బిడ్డ యాయనది కాదని రక్తము స్పష్టముగ చెప్పినది. ఆనాటి కాలిఫోర్నియా న్యాయస్థానమున నా పరీక్షకు తుదిమాట లేకుండుటచేత, 1945లో జ్యూరీవారు బిడ్డ యాయనదే యనిరి. రక్తము చెప్పిన మాట నచ్చట వినలేదు. చెప్పని మాట నిచ్చట వినిరి.

"లెక్క నిజముగనే కుదరకపోయినచో?" అని యామె మరల నడిగెను.

అదియు నున్నది. 1952లో బొంబాయిలో భెండే యను వైద్యుడును ఆయన సహచరులును ఓ వర్గమువలె కనబడియు ఓ వర్గము కాని నెత్తురును కనుగొనిరి. మన పెద్దలు నుదుట ముందుగా మైనమద్ది, దానిపై కుంకుమ దిద్దుకొనెడివారు. మైనము లేనిచో భరిణె నిండ కుంకుమ యున్నను నుదుట నిలువదు. రక్తకణముపైగూడ మొదట నట్టి మైనపు పూత యొకటి యుండవలెను. దానికి హెచ్ అని పేరు. బొంబాయి వర్గమువారికి అది లేదు. కావున చూచువారికి వారి నుదురు వట్టిదే. వారి బిడ్డకు రెండవ తలిదండ్రినుండి మైనము వచ్చినప్పుడు, ఓ వర్గమని యెంచబడిన యింట ఏ గాని బీ గాని వర్గపు బిడ్డ పుట్టును. మిక్కిలి యరుదే. కాని పుట్టును. ఇంక పరీక్షలో పొరపాట్లన్ననో, మనుష్యులు చేయు పనులన్నింటను నున్నవే. ఇప్పుడు డీఎన్ఏ పరీక్ష గలదు, అది గట్టిగ చెప్పగలదు. అయినను 1993లో మన సుప్రీము కోర్టువారు, భర్త యనుమానించినంత మాత్రమున బిడ్డకు రక్తపరీక్ష చేయింపుమని ఉత్తరువు లీయరాదనియు, ఎవరినిగాని బలవంతముగా రక్తమిమ్మనరాదనియు తీర్పు చెప్పిరి.

ఇదంతయు విని యామె, "శకుంతల కాకాశవాణి పలికినది. నాకు అత్తగారి పిత్తాశయపు కాగితము పలికినది" అని నవ్వెను. మేమును నవ్వితిమి. తరువాత నవ్వు మాని, "వదినా, ఆ రాత్రి బియ్య మేరుచు చెప్పితిని గదా. అప్పుడు నీ కేమనిపించినది?" అని యడిగెను.

కల్లలాడుట సులువు. చీకటిలో మొగము కనబడదు. కాని యా దినమంతయు నిజము నిజమని భరిణెలు పరచినవారము. ఒక్క రాత్రి యనుమానించితిమని చెప్పితిమి.

ఆమె బదులు చెప్పలేదు. నిద్రపోయినదో లేదో మాకు తెలియదు.

ఉదయము మేము బయలుదేరునప్పుడు మాకు బొట్టు పెట్టి, చీర, పండ్లు ఒడిలో నుంచెను. భరిణెలు సంచిలో సర్ది యిచ్చెను. బస్సులో తెరచి లెక్కించితిమి. అయిదే యున్నవి. వట్టివానిలో నొకటి తనయొద్ద నుంచుకొన్నది.